ఇంట్లో మిషిన్, దుకాణం రేటు

చాచా తన కుట్టుమిషిన్‌కు మోటరు పెట్టించుకున్నది షోకు కోసం కాదు, మోకాలి కోసం. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను కిటికీ దిక్కు ఎత్తిపట్టి చూసి, ఇగ మీదట తొక్కుడు బందు పెట్టుమన్నడు. ముప్ఫై ఏండ్ల తొక్కుడు అది. "గిన్నేండ్లు సైకిలు తొక్కితే మక్కాకు పోయొచ్చేటోన్ని సారూ. ఇదేమో ఎక్కిన కాన్నే దించింది" అన్నడు చాచా నాతోని, మోటరు డబ్బా విప్పుకుంట.

సిద్దిపేటలో మా ఇంటికి ఎదురిల్లు వాళ్లది. రెండు అర్రలు, ముందట చిన్న వసారా. వసారాలో మిషిన్. ఇద్దరు బిడ్డల పెండ్లిళ్లు అయిపోయి చాచా, చాచీ ఇద్దరే ఉండేటోళ్లు. నా చిన్నప్పటి నిక్కర్లు కుట్టింది ఆయనే. అందుకని నేను లెక్చరర్నైనంక గూడ నన్ను నువ్వనే అనేటోడు, చివరికి మాత్రం 'సారూ' అని తగిలిచ్చేటోడు. అది మర్యాదనో ఎకసెక్కమో నేను ఎన్నడూ అడగలే. అడిగితే చెప్తడేమోనని భయం.

అవి తెలంగాణ కొట్లాట జోరు మీదున్న రోజులు. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేటోన్ని. బందులు పెరిగి పాఠాలు తగ్గినంక ఊరి నడుమ వేసిన దీక్ష టెంటు కిందికి చేరిన. నాకు నినాదం చేతకాదు, సగంలో గొంతు చీలుతది. పాట రాదు. నవ్వించుడు ఒక్కటి వచ్చు. పొద్దటి నుంచి ఏమీ తినకుండ కూసున్నోళ్లకు నవ్వు బువ్వ కాకపోయినా చాయ్ అంత పని చేస్తదని, ఉద్యమ కమిటీలో ఉన్న మా దోస్తు రోజు నా చేతికి మైకు ఇచ్చేటోడు. అట్ల ఊర్లో నాకు కొంచెం పేరొచ్చింది. నేను చెప్పబోయేదంతా ఆ పేరు వల్లనే చెడ్డది.

ఆ రోజుల్లో మా దగ్గర ఒక రివాజు పడ్డది. ఏ దరఖాస్తు రాసినా మొదటి డిమాండు ప్రత్యేక రాష్ట్రం. నంగునూరులో బోరింగు చెడిపోయిందని రాసినా, కొండపాకలో బస్సు ఆగుతలేదని రాసినా, ముందుగాల రాష్ట్రం, దాని కింద బోరింగు. ఇంకో రివాజు, ఏ ఆఫీసరు మీటింగు పెట్టినా అందరం పోవాలె, కూసోవాలె, జై తెలంగాణ అనాలె, లేచి రావాలె. పోను పోను ఆఫీసర్లకు గూడ అలవాటై, మేము లేచిపోయేదాకా అసలు ముచ్చట మొదలుపెట్టేటోళ్లు కాదు. ఈ రివాజును నేను ఇప్పటికీ తప్పు పట్టను. అట్ల లేచి రాబట్టే రాష్ట్రం వచ్చిందని నమ్మేటోళ్లలో నేనూ ఒకన్ని. ఒక్కసారి మాత్రం లేవకుండ ఉండాల్సింది.

మోటరు పెట్టించిన కొన్నాళ్లకు కరెంటాఫీసు నుంచి తనిఖీకి ఒకాయన వచ్చిండు. మంచి మనిషి. చాచీ ఇచ్చిన నీళ్లు తాగి, చల్లగున్నయి అన్నడు. మిషిన్ పక్కన ఉన్నది ఏందని అడిగిండు. చాచా సంబురంగ స్విచ్చు మీద ఏలు పెట్టి, కింద కాలుతోని ఒత్తి, పాయజామా పట్టీ ఒకటి సర్రున కుట్టి చూపెట్టిండు. ఆయన గూడ మెచ్చుకున్నడు. మెచ్చుకొని, రాసుకొని పోయిండు.

వచ్చే నెల బిల్లులో వాళ్ల ఇల్లు దుకాణమైంది.

పొలాలది పక్కన పెడితే కరెంటుకు మూడు రేట్లు. ఇండ్లకు తక్కువ, ఫ్యాక్టరీలకు ఇంకో తీరు, దుకాణాలకు అన్నిటికంటె ఎక్కువ. ఇంట్ల మోటరు పెట్టుకొని పైసలకు కుడితే ఆ మీటరు దుకాణానిది. పుస్తకంలో అట్లనే ఉన్నది, వచ్చినాయన ఉన్నదే రాసిండు. మిషిన్‌కు ఒక్కదానికే అయితే చాచా ఎట్లనో ఓర్సుకునేటోడు. కని మీటరు ఒక్కటే గదా, లోపటి అర్రల ఫ్యానుకు, వంటింట్ల బలుబుకు గూడ దుకాణం రేటే పడ్డది.

"ఫ్యాను కింద ఒరిగితే గిరాకీ ఎవలన్న వస్తరేమో అనిపిస్తది" అన్నది చాచీ. ఆమె మా అందరికంటె బాగ మాట్లాడేది, మైకు దొరకలేదంతే. ఆ ఎండకాలం చాచా పండుకోని లేచేసరికి ఫ్యాను ఆగి ఉండేది. కరెంటు పోయిందని ఆయన అనుకునేటోడు. రోజుకు ఇన్ని గంటలని ఎట్లాగూ తీసేటోళ్లు కాబట్టి అనుమానం రాలే. బంద్ చేసేది చాచీ అని ఆయనకు తెలిసేసరికి ఎండకాలమే అయిపోయింది.

వేరే మీటరు పెట్టుకోమన్నరు ఆఫీసులో. దానికయ్యే ఖర్చు విని చాచా నవ్విండట. మిషిన్ కంటె మీటరే ప్రియం. ఇప్పుడు లెక్క ఇంతే మిగిలింది: దుకాణం రేటు ఇట్లనే ఉంటే మోటరు తీసెయ్యాలె. మోటరు తీస్తే కాలుతోని తొక్కాలె. కాలు తొక్కదు. కాబట్టి ఆ ఇంట్లో కుట్టుపని ఉంటదా పోతదా అన్నది ఆ బిల్లు మీది ఒక్క మాట మీద ఆధారపడ్డది.

అట్లాంటప్పుడు ఒక నాడు చాచా ఉర్దూ పేపరు మడిచి పట్టుకొని, కాలు ఈడ్చుకుంట మా గడప ఎక్కిండు.

"సారూ, కంప్యూటర్లు పెట్టే బిల్డింగులు ఉంటయట గదా హైదరాబాదుల?"

"ఉంటయి చాచా. మంది రాసుకున్నయి, చూసినయి, బ్యాంకోళ్ల ముచ్చట్లు, అన్ని అండ్లనే దాస్తరు."

"అండ్ల మనుషులు ఎందరుంటరు?"

"మనుషులు తక్కువ. మిషిన్లే. పగలు రాత్రి నడుస్తయి. ఏసీ బంద్ కావద్దు."

"మనుషులు లేని కాడ ఏసీ ఎవలకు?"

"కంప్యూటర్లకు. వాటికి ఉడుకపోస్తది."

చాచా పేపరు మడత విప్పి ఒక కాడ ఏలు పెట్టిండు. "వాటికి ఫ్యాక్టరీ రేటంట. ఈండ్ల రాసిండు. ఫ్యాక్టరీ లెక్క చూడాలెనని సర్కారు ఒప్పుకున్నదట. కుట్టేది లేదు, నేసేది లేదు, అది ఫ్యాక్టరీ అయింది. నేను పొద్దుందాక కుడితే నాది దుకాణం. నాకు రాయితీ వద్దు సారూ. నా ఇల్లును ఇల్లు అనమను, చాలు."

అదే నెలలో ఇంకో ముచ్చట ఊర్లో తిరుగుతుండె. వర్గల్ దిక్కు అటువంటి బిల్డింగే ఒకటి కట్టేందుకు జాగ చూస్తున్నరట అని. "సరస్వతమ్మ గుడి పక్కకే గద, చదువంత ఒక్క కాడ ఉంటది" అని నేను టెంటులో అంటే చప్పట్లు పడ్డయి. గల్లీలో మాత్రం ఎవలు నవ్వలే. ఉన్న కరెంటే పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు పోతుంటే, అది గూడ వచ్చి అదే తీగకు తగిలితే మాకేం మిగులుతదని వాళ్ల భయం. ఇస్త్రీ చేసే ఆమె మళ్లా బొగ్గులకే పోతానన్నది. ఇంట్లో మగ్గం నేసే ముసలాయన, ఈ సారి మగ్గానికి గూడ దుకాణం అని రాస్తరా అని అడిగిండు. మగ్గానికి కరెంటు లేదు గదా అంటే, మగ్గం మీద బలుబున్నది గదా అన్నడు. ఆ భయంలో నాకు అప్పుడు కామెడీ కనవడ్డది. ఇప్పుడు తెలివి కనవడుతున్నది.

కరెంటు రేట్లు ఖరారు చేసే పెద్ద సార్లు జనం అభ్యంతరాలు వినేందుకు మా ఊరికి వస్తున్నరని తెలిసింది. ఒక ఫంక్షన్ హాల్లో కూసుంటరు, ఎవలన్న మాట్లాడచ్చు, చదివిన కాగితం అక్కడికక్కడే వాళ్ల చేతికిస్తే రికార్డులో ఎక్కుతది. ఆ ఒక్క రోజే. చాచాకు తెలుగు మాట్లాడుడు వచ్చు, ఆఫీసర్ల ముందట మాట్లాడుడు రాదు. నువ్వే చదువు అన్నడు.

రాసుకునేందుకు కూసున్నం. నా చెయ్యి అలవాటు కొద్దీ మొదటి డిమాండు రాసేసింది.

"ఏం రాసినవ్?" అన్నడు చాచా.

"ప్రత్యేక రాష్ట్రం."

"మంచిగ రాసినవ్. గది కింద రాయి. మొదలు నాది రాయి."

"రివాజు గట్ల లేదు చాచా. ముందుగాల రాష్ట్రం."

"రాష్ట్రం రావాలె, ఇన్షా అల్లా వస్తది గూడ. అప్పటిదాక నా మోకాలు ఆగదు సారూ."

ఇంకో కాగితం తీసి మళ్లా రాసిన. నడుమల కంప్యూటర్ల ఉడుకపోత మీద ఒక మాట వేస్తే, అది గూడ కొట్టేయించిండు. "నవ్వేది వద్దు. నవ్వినోళ్లు రాసుకోరు" అన్నడు. చివరికి అర పేజీ అయింది. ఇంట్ల ఒక్క మిషిన్‌తోని బతికేటోళ్ల మీటరును ఇంటి మీటరు లెక్కనే ఉంచాలెనని, మగ్గం మీది బలుబును వదిలిపెట్టాలెనని. నేను రాసిన వాటిలో అంత ఉప్పు కారం లేనిది అదొక్కటే. దాన్ని మడిచి అంగి జేబులో పెట్టుకున్న.

మీటింగు రోజు పొద్దున మా దోస్తు వచ్చి కమిటీ నిర్ణయం చెప్పిండు. పోవుడు, బహిష్కరించుడు, వచ్చుడు.

"చాచాది ఒక కాగితం ఉన్నది. అది చదివి లేస్తం" అన్న.

"చదువు, ఎవడు వద్దన్నడు? రెండు నిమిషాలు నవ్వియ్యి, కాగితం చదువు, జై తెలంగాణ అను. నువ్వు లేస్తే అందరు లేస్తరు."

హాలు నిండింది. నంగునూరు, కొండపాక నుంచి గూడ రైతులు ఆటోలల్ల వచ్చిన్రు. చాచా తను కుట్టుకున్న తెల్ల అంగి తొడుక్కొని, మూడో వరుసలో, కాలు సాపుకునేందుకు వీలుంటదని గోడ పక్క కుర్చీలో కూసున్నడు. పక్కన మగ్గం ముసలాయన. వేదిక మీద పెద్ద సారు ముందట దస్తరం, చేతిలో మూత తీసిన పెన్ను.

నా వంతు వచ్చింది. నేను చదువుదామనే లేచిన. ఇది నిజం, కని దీనికి సాక్షి లేడు.

చదివే ముందట ఒక్క మాట అందామనుకున్న. "సార్, మా ఊర్లో పొద్దున మూడు గంటలు మనుషులకు ఉడుకపోస్తది. హైదరాబాదులో కంప్యూటర్లకు పోయకుండ ఉండాలెనని వాటి వంతు చెమట గూడ మేమే కారుస్తున్నం" అన్న. హాలు గొల్లుమన్నది. ఇంకొకటి అన్న. కంప్యూటర్లకు గూడ ఓటు హక్కిస్తే లీడర్లు వాటి ఎంబడే తిరుగుతరు, మా పీడ పోతదన్న. ఈసారి వేదిక మీదోళ్లు గూడ నవ్విన్రు. ఆ నవ్వు ఎట్లుంటదంటే, ఎండలో నడిచొచ్చినోనికి కుండనీళ్ల లెక్క ఉంటది, ఒక్క గ్లాసుతోని ఆగబుద్ధి కాదు.

పెద్ద సారు గూడ నవ్వుకుంటనే, "బాగా చెప్పారు మాష్టారూ. ఇంతకీ మీ అభ్యంతరం ఏమిటో చెప్పండి, రాసుకుంటాం" అన్నడు. అనుడే గాదు, నిజంగనే పెన్ను కాగితం మీద పెట్టిండు. అప్పటిదాకా మా ఊర్లో ఏ ఆఫీసరూ రాసుకుంటం చెప్పుమని అడిగింది లేదు. అడిగితే ఏం చెప్పాలెనో మా రివాజులో లేదు. నా జేబులో మాత్రం ఉన్నది.

"మా అభ్యంతరం మీరే సార్" అన్న నేను. "మా కరెంటు మా రాష్ట్రంల మేము చూసుకుంటం. మీరు చాయ్ తాగి పోన్రి."

హాలు పైకప్పు ఎగిరిపోతదనుకున్న. జై తెలంగాణ, జై తెలంగాణ. కుర్చీలు జరిగినయి. మా దోస్తు వచ్చి నా చెయ్యి పట్టి మీదికి లేపిండు. అందరు లేచిన్రు. చాచా గూడ గోడ పట్టుకొని లేచిండు. పోయేటప్పుడు ఆయన ముంజేయి పట్టుకొని నడిపిచ్చింది గూడ నేనే. ఆయన ఒకసారి వేదిక దిక్కు మళ్లి చూసిండు, నా దిక్కు చూసిండు. ఇంకేదో ఉపాయం ఉన్నది సారుకు అనుకున్నడేమో.

మేము బయటికొచ్చినంక లోపట మీటింగు మంచిగ నడిచిందట. కంప్యూటర్ బిల్డింగుల తరఫున వచ్చినాయన ఒకాయన అరగంట మాట్లాడిండట. ఒక్క జోకు గూడ వెయ్యలేదట.

హాలు ముందటి హోటల్లో చాచా నాకు చాయ్ తాగిచ్చిండు. "మస్తు మాట్లాడినవ్ సారూ" అన్నడు. కాగితం గురించి అడగలే. నేను చెప్పలే.

రెండు రోజులకు మా ఆమె ఉతికేందుకు అంగి తీసి, జేబులో చెయ్యి పెట్టి, మడిచిన అర పేజీ బయటికి తీసింది.

"ఇది ఇయ్యలేదా మీరు?"

"టైం దొరకలే."

"రెండు నిమిషాలు మాట్లాడిన్రంట గదా. ఇది చదువుటానికి ఎంతసేపు పడుతది?"

ఆమె వంటింట్లకు పోయినంక గోడ గడియారం చూసుకుంట చదివిన. నిమిషం గూడ పట్టలే.

ఆ మధ్యాహ్నమే కరెంటాఫీసుకు ఉరికిన. తారీఖు దాటింది సార్ అన్నడు గుమాస్తా. ఆయన నన్ను గుర్తుపట్టి, చాయ్ తాగి పోన్రి అన్న మాటను తన పక్కాయనకు మళ్లా చెప్పి నవ్విండు. ఇద్దరు లేచి నాతోని చెయ్యి కలిపిన్రు.

కొత్త రేట్లు వచ్చినయి. కంప్యూటర్లవి వాటి తీరుగనే ఉన్నయి. ఇంట్ల మోటరుతోని కుట్టేటోళ్లు దుకాణం కిందనే ఉన్నరు. నేను ఆ అర పేజీ చదివుంటే మారేదని చెప్పలేను. అంత తెలివితక్కువోన్ని గాదు. కని చదవలేదు కాబట్టి మారలేదేమో అన్న మాటను నేను కాదనలేను గూడ. ఆ రెండు మాటల నడుమ బతికినన్నేండ్లు ఉండొచ్చు, నేను ఉంటున్న.

చాచా మోటరు ఇప్పేసిండు. నంగునూరు నుంచి ఒకామె వచ్చి కొనుక్కపోయింది. ఆమెకు దారం ఎట్ల ఎక్కియ్యాలెనో, కాలు ఎంత మెల్లగ ఒత్తాలెనో ఒక పూట కూసోని నేర్పిండు. "ఎవలన్న వచ్చి నీళ్లడిగితే ఇయ్యి బిడ్డా. మోటరు మాత్రం నడిపి చూపెట్టకు" అన్నడు.

తర్వాత మళ్లా తొక్కిండు. బడులు తెరిచే నెల. యూనిఫాంలు కుప్ప పడ్డయి. చాచా పది కుట్లకు ఒకసారి కాలు కిందికి దించి, చేతులతోని పట్టుకొని మళ్లా మీద పెట్టుకునేటోడు. మా వసారాలోంచి కనిపించేది. నేను కుర్చీని వేరే దిక్కు తిప్పుకున్న. ఒప్పుకున్న తారీఖుకు బట్టలు ఇయ్యలేక, కుట్టని గుడ్డను తీసిచ్చి పంపుడు మొదలైనంక, బొంబాయి దిక్కు భివండిలో ఉన్న పెద్దబిడ్డ అల్లున్ని తోలిచ్చింది. అక్కడ పెద్ద షెడ్డులో బట్టలు తనిఖీ చేసే పని, కూసోని చెయ్యచ్చట.

పోయే ముందటి దినం నేను వాళ్లింటికి పోయి చెప్పిన. కాగితం నా జేబులోనే ఉన్నదని, ఆయన పెన్ను పట్టుకొని అడిగిండని, నవ్వు ఆపబుద్ధి కాక చదవలేదని. చాచా మూట కట్టుకుంటుండె.

"తెలుసు సారూ."

"తెలిసి ఊకున్నవా?"

"ఏమంట? నేను గూడ నవ్విన." మూట ముడి బిగించిండు. "ఓటు హక్కు అన్నవ్ సూడు, దానికి అందరికంటె ఎక్కువ నేనే నవ్విన. నా ముచ్చట గూడ మర్చిపోయిన."

చాచీ ఆయనంత మెత్తగ లేదు. "ఊరినంత నవ్విచ్చినవ్ బేటా, మంచిదే. మా ఇంటి ముచ్చట వచ్చినప్పుడన్న జర ఊకుండాల్సింది" అని, తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఇంకెవలకు ఇయ్యాలె, ఎదురిల్లు నాదే.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది. ఊరంత ఎగిరింది, నేనూ ఎగిరిన, అబద్ధమెందుకు. ఇప్పుడు మాకు కరెంటు పోదు. హైదరాబాదు చుట్టు కంప్యూటర్ల బిల్డింగులు మస్తుగ లేస్తున్నయి, వాటి భారం మా బిల్లుల మీద పడుతదా అని గల్లీ వాట్సాప్‌లో రోజు నడుస్తది. దరఖాస్తు రాయమంటే రాసిస్తున్న. మాట్లాడమంటే మాత్రం వేరేటోళ్లను చూసుకోమంటున్న. వినయం అనుకుంటున్నరు.

వాళ్లు భివండి పోయిన నెల, పుస్తకంలో ఎవలు మార్చలేదు గదా, ఆ ఇంటి బిల్లు మళ్లా దుకాణం కిందనే వచ్చింది. మీటరును ఇంటిదిగ మార్చాలెనని రెండు ముక్కలు రాసిచ్చిన. వారం తిరక్కుండనే కరెంటాఫీసు మనిషి వచ్చిండు, మొదలొచ్చినాయన కాదు, వేరే ఆయన. తాళం తీసిన. వసారాలో మిషిన్ ఉన్నకాడ నాలుగు కాళ్ల గుర్తులు ఉన్నయి, అంతే.

"మిషిన్ లేదు గదా?" అన్నడు.

"లేదు."

"దుకాణం పనేం నడుస్తలేదు?"

"లేదు."

"ఎవరుంటున్నరు ఇండ్ల?"

"ఎవరు లేరు."

ఆయన లోపటికి తొంగిచూసి, ఫ్యాను చూసి, పుస్తకం తెరిచిండు.

"అయితే ఇల్లే" అని రాసుకున్నడు.